చిన్నపిల్లల టీచరు – పాఠాల పద్దు
(బళ్ళారిలో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి మన ట్రస్టు సహాయం పొందినవారిలో ఇంజనీరింగు, నర్సింగు, కామర్సు విద్యార్థులతోపాటు నర్సరీ టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి జూన్‌లో ఉద్యోగంలో చేరబోతున్న అమ్మాయిలు కూడా ఉన్నారు. నా మాటలు ముఖ్యంగా వాళ్ళ కోసం. మిగిలినవారు విసుక్కోవద్దు. మీ ఇంట్లోనూ ఒక మూడేళ్ళ పిల్ల ఉంటుంది, లేకపోతే రేపు వస్తుంది.

నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా చేరి, గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. తరగతిలో నిలబడి పాఠం చెప్పినవాణ్ణి కాను. అయితే మా కోడలు నాలుగేళ్ళుగా ఎల్.కె.జి. టీచరు. ఆమె కాగితాలు సర్దిపెట్టే పని ఇంట్లో నాకు పడింది. అది చూసి ట్రస్టువాళ్ళు, మన సహాయంతో టీచర్లయిన అమ్మాయిలు ఎలా ఉన్నారో కనుక్కునే బాధ్యత కూడా నాకే అప్పగించారు. అలా కనుక్కున్నప్పుడు తెలిసిన సంగతులే ఇప్పుడు చెబుతున్నాను.

జూన్‌లో సంతోషంగా చేరిన అమ్మాయిల్లో కొందరు దసరా సెలవుల తర్వాత తిరిగి స్కూలుకు వెళ్ళలేదు. ఎందుకమ్మా అంటే మొదట వచ్చే జవాబు "జీతం తక్కువ తాతా" అని. అది నిజమే, కాదనను. కానీ ఇంకాసేపు కూర్చుని మాట్లాడితే అసలు సంగతి బయటికి వస్తుంది. రాత్రి పదకొండు దాకా చార్టులు కత్తిరించడం. శనివారం వచ్చిందంటే వచ్చేవారం ప్లాను హెడ్ మిస్సుకు చూపించాలని గుండెదడ. సోమవారం పొద్దున ఆ ప్లాను పట్టుకుని తరగతిలోకి వెళ్తే, ఇరవై ఐదు మంది పిల్లల్లో ఇద్దరు ఏడుస్తూ, ఒకడు బట్టలు తడుపుకుని, ఒకతె బల్ల కింద దూరి ఉంటే, ప్లానులో రాసిన "రంగుల పరిచయం – 10 నిమిషాలు" అన్నది ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోవడం. మూడు నెలలు ఇలా గడిచాక ఆ అమ్మాయి తనకీ పని చేతకాదని నిర్ణయించుకుంటుంది. ఇంట్లోవాళ్ళు సంబంధాలు చూడటం మొదలుపెడతారు. ఏడాది చదువు, ఫీజు, అన్నిటికంటే ఆ అమ్మాయికి తనమీద ఉన్న నమ్మకం, మూడూ ఒక్కసారి పోతాయి. చేతకాకపోవడం కాదమ్మా ఇది. లెక్క రాసుకునే పద్ధతి ఎవరూ చెప్పకపోవడం.

నేను బ్యాంకులో చేరిన 1980ల్లో కంప్యూటర్లు లేవు. వోచరు వస్తుంది, లెడ్జరులో ఎక్కుతుంది, డే బుక్కులోకి వెళ్తుంది, సాయంత్రం అన్నీ సరిపోవాలి. ప్రతి పుస్తకానికీ ఒక పని ఉండేది, ఒక పుస్తకం పని ఇంకో పుస్తకం చేసేది కాదు. కొత్త టీచర్ల ప్లాను పుస్తకాలు చూస్తే ఏడాది, నెల, వారం, రోజు అన్నీ ఒకే నోటుబుక్కులో కలిసిపోయి ఉంటాయి. మధ్యలో పాలవాడి లెక్క కూడా ఉంటుంది. అందుకే ఏదీ దొరకదు.

కాబట్టి నాలుగు విడి కాగితాలు పెట్టుకోండి. మొదటిది ఏడాది కాగితం, ఒకటే పేజీ. జూన్ ఒకటి నుంచి మార్చి చివరిదాకా 43 వారాలు వస్తాయి. దసరా, మిగతా సెలవులు తీసేస్తే 38 దాకా మిగులుతాయి. మీ స్కూలు క్యాలెండరు ముందు పెట్టుకుని మీరే లెక్కవేయండి. ఒక్కొక్క విషయానికి రెండేసి వారాలనుకుంటే ఏడాదికి పంతొమ్మిది విషయాలు. అంతే, అంతకు మించి పట్టవు. నేను, మా ఇల్లు, కూరగాయలు, వాన, పక్షులు, బండ్లు, సంత, ఇలా. రెండోది నెల కాగితం, ఆ నెలలో వచ్చే విషయాలకు ఏ కథలు, ఏ పాటలు, ఏ సామాను అని. మూడోది వారం కాగితం, హెడ్ మిస్సుకు చూపించేది. నాలుగోది రోజు చీటీ. అది పోస్టుకార్డంత ఉంటే చాలు, చేతిలో పట్టుకుని తరగతిలో తిరగడానికి.

రోజు చీటీ గురించి కాస్త నిదానంగా చెబుతాను, అసలు ప్రాణం అక్కడే ఉంది కాబట్టి. పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా తరగతి అనుకుందాం. మూడు గంటలు, 180 నిమిషాలు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు ఇష్టమైన ఆట ఆడుకోవడానికి 20. అందరూ గుండ్రంగా కూర్చుని పలకరింపు, పాట, ఆ రోజు మాట, ఇంకో 20. టీచరు దగ్గరుండి చేయించే పని 20. బయట ఆట 30. చేతులు కడుక్కోవడం, తినడం 20. చేతిపని, అంటే మట్టి, కాగితం చింపడం, పూసలు గుచ్చడం, మరో 20. కథ 20. సర్దుకోవడం, వెళ్ళొస్తామని పాట 15. మొత్తం 165. మరి మిగిలిన 15 నిమిషాలు? అవి రాయకండి. బ్యాంకు తనకు వచ్చిన డిపాజిట్టంతా అప్పులివ్వదు. కొంత భాగం రిజర్వు బ్యాంకు దగ్గర విడిగా ఉంచాలి. ఆ 15 నిమిషాలు మీ రిజర్వు. ఏడుపుకు, తడిసిన బట్టలకు, దారితప్పి తరగతిలోకి వచ్చిన కుక్కపిల్లకు. 180 నిమిషాలకు 180 నిమిషాల పని రాసిన టీచరు పది గంటలకే వెనకబడిపోతుంది, పన్నెండింటికి అరవడం మొదలుపెడుతుంది.

ఇంకో సంగతి గమనించండి. ఆ వరసలో కూర్చునే పని తర్వాత కదిలే పని, కదిలే పని తర్వాత కుదురైన పని వస్తుంది. మూడేళ్ళ పిల్ల ఒకచోట పది, పదిహేను నిమిషాల కంటే ఎక్కువ కూర్చుంటే అది పిల్ల మంచితనమే గాని మన హక్కు కాదు. 20 నిమిషాల కథలో కూడా సగం పిల్లలు లేచి పులిలా గాండ్రించడమే ఉండాలి.

పెన్సిలు మాట ఎక్కడా రాలేదని తల్లిదండ్రులు అనుకుంటున్నారు, ముఖాలు చూస్తుంటే తెలుస్తోంది. మూడు, నాలుగేళ్ళ పిల్లల వేళ్ళకు రాసే బలం ఇంకా రాదండీ. పిండి పిసికి, కాగితం చింపి, పూసలు గుచ్చి, ఇసుకలో గీతలు గీసి ఆ బలం తెచ్చుకోవాలి. 2022 అక్టోబరులో వచ్చిన జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం మూడు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లల చదువు ఆటల ద్వారా, వీలైనంతవరకు ఇంటి భాషలో సాగాలని చెబుతోంది. కేంద్రప్రభుత్వం అంగన్‌వాడీల కోసం 2024లో ఇచ్చిన ఆధారశిల ప్రణాళికలో కూడా వారానికి ఐదు రోజులు ఆటపాటలు, ఆరో రోజు నేర్చినదాన్ని మళ్ళీ ఆడుకోవడం అని ఉంది. అమ్మాయిలూ, ఇవి ఉచితంగా దొరికే పత్రాలు. ప్లాను రాసేముందు ఒక్కసారైనా తిరగేయండి. ఇదేమీ నిన్నమొన్నటి కొత్త సరుకు కాదు. గిజుభాయి బధేకా భావనగర్‌లో బాలమందిరం పెట్టింది 1920లో. మాంటిస్సోరి అమ్మగారు మద్రాసు అడయారుకు వచ్చి టీచర్లకు శిక్షణ మొదలుపెట్టింది 1939లో. కొత్తగా ఉన్నది మన తొందర ఒక్కటే.

కాబట్టి తల్లిదండ్రులకు ఒక మనవి. పిల్ల ఇంటికి రాగానే "ఈరోజు ఎన్ని పేజీలు రాయించారు?" అని టీచరును నిలదీయకండి. మీ ప్రశ్నకు భయపడే ఆ అమ్మాయి బయట ఆట 30 నిమిషాలు కోసేసి "అ" లు దిద్దిస్తుంది. స్కూలు యాజమాన్యాలు కూడా మీరు అడిగిన సరుకే అమ్ముతాయి.

ఇప్పుడు ఒక వారాన్ని తీసుకుని చూద్దాం. "నా ఒళ్ళు" అన్న విషయం జూన్ మూడో వారంలో పెట్టుకోమంటాను. ఎందుకంటే దీనికి సామాను కొనక్కరలేదు. ప్రతి పిల్లా తన సామాను తానే తెచ్చుకుంటుంది.

ఇక్కడ మన ఊరికి ప్రత్యేకమైన సంగతి ఒకటుంది. 1953లో జిల్లాను విడదీసినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు, బళ్ళారి మైసూరుకు వెళ్ళాయి. ఆ గీత మ్యాపు మీద పడిందిగాని ఇళ్ళలో పడలేదు. మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, ఇప్పుడు స్కూల్లో ఇంగ్లీషు వింటున్నారు. మూడేళ్ళ పిల్లకు ఇవి మూడు భాషలని తెలియదు. నిన్నటిదాకా అందరికీ అర్థమైన తన మాట ఈ గదిలో ఎవరికీ అర్థం కావడం లేదని మాత్రం తెలుస్తుంది. దాంతో నోరు మూసుకుంటుంది.

ఒళ్ళు గురించి మాట్లాడే ఈ వారం ఆ నోరు తెరిపించడానికి బంగారంలాంటి అవకాశం. వారం కాగితం మీద రెండు వరసలు గీయండి. ఒకవైపు కన్ను, ఎదురుగా కన్నడంలో కణ్ణు. తల – తలె. ముక్కు – మూగు. నాలుక – నాలిగె. కాలు రెండింటిలోనూ కాలే. ఇక చెవి – కివి, చెయ్యి – కై. చూశారా, మన "చ" ఉన్నచోట వాళ్ళ "క" పలుకుతోంది. పొట్ట – హొట్టె, పళ్ళు – హల్లు. మన "ప" కు అక్కడ "హ". పాలు – హాలు, పువ్వు – హూవు, పులి – హులి, పాము – హావు. బ్యాంకువాడి భాషలో ఇది మారకం రేటు. ఈ రేటు పిల్లలకు చెప్పనక్కర లేదు, వాళ్ళే పట్టేస్తారు. టీచరుకు తెలిస్తే చాలు. నోరు మాత్రం కన్నడంలో బాయి, జుట్టు కూదలు. వీటికి రేటు లేదు, విడిగా నేర్పాలి.

సోమవారం గుండ్రంగా కూర్చున్నప్పుడు "కివి ఎల్లిదె?" అని ఒకసారి, "చెవి ఎక్కడుంది?" అని ఒకసారి. తెలుగు పిల్ల రెండోదానికి టక్కున చెవి పట్టుకుంటుంది. పక్కనున్న కన్నడ పిల్ల మొదటిదానికి. మంగళవారం చూసిన దానికి మాట: చెవితో ఏం చేస్తాం, ముక్కుతో ఏం చేస్తాం, గుడ్డమూటల్లో ఉల్లిపాయ, కొత్తిమీర, అగరువత్తి కట్టి వాసన చూపించడం. బుధవారం నేలమీద పాత దినపత్రికలు అతికించి ఒక పిల్లను పడుకోబెట్టి చుట్టూ గీత గీసి, అందరూ కలిసి కళ్ళు, గుండీలు పెట్టడం. గురువారం చేతుల అచ్చులు. పసుపు, బీట్‌రూట్ రసం చాలు, రంగుల డబ్బాలు కొనొద్దు. శుక్రవారం చేతులు కడుక్కోవడం, అదే పాఠం, అదే ఆట. శనివారం ఉంటే కొత్తది ఏదీ వద్దు, సోమవారంనాటి ఆటే మళ్ళీ. ఈసారి టీచరు బదులు ఒక పిల్ల అడుగుతుంది.

ఇంత చిన్న ప్లానుకు చార్టు ఒక్కటి కూడా అక్కర్లేదని మీరు గమనించే ఉంటారు. ఫోన్లో వెతికితే క్షణంలో వందల ప్లానులు వస్తాయి, అడిగితే రాసిచ్చే సాధనాలు కూడా వచ్చాయి. వాడుకోండి, తప్పేమీ లేదు. కానీ జనవరి నెలకు మంచుబొమ్మ, అక్టోబరుకు రాలే ఎర్ర ఆకులు అని వస్తే మన పిల్లలకు వాటితో ఏం పని? బళ్ళారి పిల్లకు ఏకశిల కొండ తెలుసు, జొన్నరొట్టె తెలుసు, జీన్సు ప్యాంట్లు కుట్టే మిషను చప్పుడు తెలుసు. యానాంలో మన బంధువుల పిల్లలకైతే గోదావరి, చేప, పడవ. వాళ్ళ వారం వాళ్ళది.

సామాను ఎక్కడ పెట్టాలన్నది అందరూ అడిగే ప్రశ్న. చెప్పుల డబ్బాలు తెచ్చుకోండి, ఒక్కో విషయానికి ఒక్కో డబ్బా. పైన పేరు, లోపల సామాను జాబితా. ఆ వారం ప్లాను కాగితం కూడా అందులోనే. వచ్చే ఏడాది డబ్బా తెరిస్తే సగం పని అయిపోయినట్టే. చింతగింజలు, పూసలు, సీసా మూతలు మాత్రం మూత బిగువుగా ఉన్న సీసాలో, పిల్లల చేతికందని ఎత్తులో పెట్టండి. ఇచ్చేటప్పుడు లెక్కపెట్టి ఇవ్వండి, తీసుకునేటప్పుడు లెక్కపెట్టి తీసుకోండి. ముక్కులో దూరిన చింతగింజ ఆస్పత్రి దాకా పోతుంది. నోట్లో పెట్టుకునే అలవాటు పోని పిల్లలకు అసలు ఇవ్వకండి. వాళ్ళకు పిడికిట్లో పట్టనంత పెద్ద వస్తువులే ఇవ్వాలి. క్యాషు లెక్క తేలకుండా మేం ఇంటికి వెళ్ళేవాళ్ళం కాదు. మీరు చింతగింజల లెక్క తేలకుండా వెళ్ళొద్దు.

రోజు చీటీ వెనకవైపు ఖాళీ ఎందుకు వదలమన్నానో చెప్పలేదు కదా. పిల్లలు వెళ్ళాక ఐదు నిమిషాలు కూర్చుని మూడు ముక్కలు రాయండి: ఏది నడిచింది, ఏది నడవలేదు, ఏది మిగిలింది. మిగిలినదాన్ని మర్నాటి చీటీలో పైన రాసుకోండి. బ్యాంకులో దాన్ని క్యారీ ఫార్వర్డ్ అంటాం, అందులో నామోషీ ఏమీ లేదు. ఒక పని మూడు రోజులు వరసగా ముందుకు జరిగిందంటే మాత్రం అది ఆ పిల్లలకు సరిపడని పని. కొట్టేయండి.

చివరగా ఒక పుస్తకం. ఇది ప్లాను కాదు, కానీ ఇది లేకపోతే ప్లానుకు అర్థం లేదు. పిల్లకొక పేజీ. పదిహేను రోజులకోసారి రెండు వాక్యాలు. "తెలివైనది", "అల్లరివాడు" అని తీర్పులు రాయొద్దు, చూసినది రాయండి. "ఈ రోజు పూసలు ఎనిమిది గుచ్చింది." "బయట ఆటలో ఇంకొకడి చేయి పట్టుకున్నాడు."

మన ట్రస్టు అమ్మాయి ఒకతె ఇలాంటి పుస్తకం పెట్టింది. పేరు చెప్పను, స్కూలు పేరు కూడా వద్దు. ఆమె తరగతిలో జీన్సు కుట్టే ఇంటి నుంచి వచ్చిన తెలుగు పాప ఒకతె జూన్, జులై రెండు నెలలూ తరగతిలో ఒక్క మాట మాట్లాడలేదు. అక్కడున్న పెద్ద టీచరు "ఈ పిల్లకు బుర్ర ఎదగలేదు, చేర్చుకుని పొరపాటు చేశాం, తీసుకెళ్ళమనండి" అంది. తండ్రి వచ్చి తలవంచుకుని నిలబడ్డాడట. అప్పుడు ఈ అమ్మాయి తన పుస్తకం తెచ్చి చూపించింది. అందులో తేదీలు వేసి ఉన్నాయి. ఒకరోజు బయట ఆటలో ఆ పాప చీమల వరస చూపించి "ఇవి యాడికి పోతాండాయి?" అని పక్కపిల్లను అడిగింది. ఇంకోరోజు చెప్పులు జతలు జతలుగా సర్దింది. మరో రోజు కథ అవుతుంటే పులి వచ్చే ముందే చెవులు మూసుకుంది. మాట రాని పిల్ల, మాట తెలియని పిల్ల చేసే పనులా ఇవి? ఆ తండ్రికి పుస్తకం చదవడం రాదు. ఆమె చదివి వినిపించింది. పాపను తీసుకెళ్ళలేదు. మర్నాటి నుంచి ఆ తరగతిలో పలకరింపు రెండు భాషల్లో మొదలైంది. నవంబరు నాటికి ఆ పాప కథ మధ్యలో టీచరును సరిదిద్దుతోందని విన్నాను.

కొత్త భాష మధ్యలో పడిన పిల్ల కొన్ని వారాలు, ఒక్కోసారి కొన్ని నెలలు మౌనంగా ఉండటం మామూలే. వింటూ పోగుచేసుకుంటుంది. అయితే అన్ని మౌనాలూ ఒకటి కావు. బ్యాంకులో ఏ ఖాతాకు చెందిందో తేలని సొమ్మును సస్పెన్స్ ఖాతాలో వేస్తాం. అక్కడ దాన్ని మరిచిపోకూడదు, తేల్చేదాకా వెంటపడాలి. పిల్ల విషయంలో అర్థంకానిది ఏదైనా ఉంటే పేజీ చివర ఎర్రసిరాతో రాసి, తేదీ వేయండి. ఇంట్లో ఎలా మాట్లాడుతుందో తల్లిని అడగండి. ఇంట్లో కూడా మాటలు లేకపోయినా, వెనకనుంచి పిలిస్తే తిరగకపోయినా ఆలస్యం చేయకుండా చెవి పరీక్షకు పంపమని చెప్పండి. అది డాక్టరు తేల్చే లెక్క. టీచరు తేల్చకూడదు, పెద్ద టీచరైనా సరే.

వీటన్నిటికీ రోజుకు ఎంతసేపు పడుతుందని మా కోడలు గడియారం పెట్టి చూసింది. చీటీ వెనక రాయడానికి ఐదు నిమిషాలు, మర్నాటి చీటీకి పది. శుక్రవారం మధ్యాహ్నం వారం కాగితానికి ముప్పావు గంట, స్కూల్లోనే. మొదటి నెల దీనికి రెట్టింపు పడుతుంది, ఆ తర్వాత తగ్గుతుంది. రాత్రి తొమ్మిది తర్వాత కత్తెర పట్టుకోవద్దు. తల్లిదండ్రులు కూడా ఆ మొదటి మూడు నెలలు ఆ అమ్మాయికి ఇంటిపనిలో కొంచెం వెసులుబాటు ఇవ్వండి. కొడుకు బ్యాంకు పరీక్షకు చదువుతుంటే ఇస్తారుగా.

వారం కాగితం, రోజు చీటీ నమూనాలు ముద్రించి తెచ్చాను. సభ అయ్యాక భోజనాల దగ్గర బల్లమీద ఉంటాయి. ఒక్కొక్కరు వారం కాగితాలు నాలుగు, చీటీలు ఇరవై నాలుగు తీసుకోండి, జూన్ నెలకు సరిపోతాయి. ఆ నెల నిండాక, రాసినవి రాసినట్టే, కొట్టివేతలతో సహా, జులై మొదటి ఆదివారం ట్రస్టు కార్యాలయానికి తీసుకురండి. మా కోడలు కూడా వస్తుంది. సాఫుగా తిరగరాసిన కాగితాలు మాత్రం తేవద్దు, వాటివల్ల నాకు ఏమీ తెలియదు. జెరాక్సు ఖర్చు ట్రస్టుది కాదు, నాది. కాబట్టి పిల్లలకు పడవలు చేసుకోవడానికి ఇవ్వకండి.